రిలే కిట్ పెట్టి ఆరేళ్లు: మా పాత కారు హెడ్‌లైట్ల సంగతి

హెడ్‌లైటు స్విచ్చు లాగగానే బానెట్ కింద నుంచి ‘టిక్’మని చిన్న చప్పుడు వస్తుంది. అది రిలే చప్పుడు. రిలే అంటే చిన్న కరెంటుతో ఆజ్ఞ ఇస్తే పెద్ద కరెంటును వదిలే స్విచ్చు. ఆరేళ్లుగా వింటున్నా, ఆ చప్పుడు చెవిన పడితే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. అంతకుముందు చీకటి పడ్డాక కారు తీయాలంటే గుండె పీచుపీచుమనేది. లైట్లు వెలిగేవి. కానీ వెలిగాయో లేదో దిగి, ముందుకెళ్లి చూసుకోవాల్సి వచ్చేది. ఎదురుగా ఏదైనా బండి వస్తే ఇక రోడ్డు అంచు ఎక్కడుందో ఊహించుకుంటూ నడపడమే. నాకు అరవై దగ్గర పడుతున్నాయి. వయసు పెరిగేకొద్దీ కంటికి వెలుగు ఎక్కువ కావాలి, నా కారేమో అంతకంతకూ తక్కువ ఇస్తూ వచ్చింది.

కిట్‌లో ఏముంటుందో, ఎలా బిగించాలో పాత కార్లు ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకని దాని జోలికి పోను. నాకు కళ్లు తెరిపించింది వోల్టులు కొలిచే మల్టీమీటర్. అప్పటిదాకా నేను తప్పంతా బల్బులదే అనుకున్నాను. రెండుసార్లు మార్చాను, మంచి హెచ్4 బల్బులు (డిమ్, హై రెండూ ఒకే బల్బులో ఉండేవి) తెచ్చి పెట్టాను, తేడా ఏమీ రాలేదు. ఒకరోజు ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి బ్యాటరీ దగ్గర చూస్తే 13.6 వోల్టులు ఉంది. అదే బల్బు హోల్డర్ దగ్గర చూస్తే 10.4. మీటరే తప్పు చూపిస్తోందేమోనని ఇంకో మీటర్ అడిగి తెచ్చాను. అదీ అంతే చూపించింది. దారిలోనే 3 వోల్టులకు పైగా ఆవిరైపోతున్నాయి!

దారి అంటే మామూలు దారి కాదు. మా కారులో రిలేలు లేవు. రెండు లైట్లకూ కావాల్సిన కరెంటంతా బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్చుకు, అక్కడి నుంచి హై, డిమ్ మార్చే డిప్పర్ స్విచ్చుకు, మళ్లీ ముందుకు బల్బుల దాకా సన్నటి పాత వైర్లలో ప్రయాణం చేయాలి. ప్రతి జాయింటులో చిలుము, ప్రతి స్విచ్చులో అరిగిపోయిన కాంటాక్టు. కరెంటు తిరిగి వెళ్లే దారి, అదే ఎర్త్ అయితే రంగు వేసిన రేకుకు బిగించిన ఒక తుప్పు బోల్టు మీద ఆధారపడి ఉంది. మీటర్ పట్టుకుని ఒక్కో చోటా చూస్తూ పోతే డాష్‌బోర్డు స్విచ్చు ఒక్కటే 1 వోల్టు తినేస్తోంది. అందులోంచి సుమారు 9 ఆంపియర్లు పోతున్నాయి కాబట్టి, ఆ స్విచ్చు లోపల 9 వాట్ల వేడి పుడుతోందన్నమాట. లాంగ్ డ్రైవ్‌లో ఆ నాబ్ ముట్టుకుంటే వెచ్చగా ఎందుకుండేదో ఆ రోజు అర్థమైంది.

ఫిలమెంట్ బల్బుతో (లోపల తీగ వేడెక్కి వెలిగేది) వచ్చిన చిక్కేమిటంటే, వోల్టేజీ కొంచెం తగ్గితే వెలుగు కూడా కొంచెమే తగ్గి ఊరుకోదు. వెలుగు దాదాపు వోల్టేజీకి 3.4వ ఘాతంలో మారుతుంది. వోల్టేజీ 10 శాతం పడితే 30 శాతం వెలుగు పోయినట్టే. కిట్ పెట్టాక బల్బు దగ్గర నాకు 13.1 వోల్టులు వచ్చింది. లెక్క కడితే అవే బల్బులు, వెలుగు మాత్రం రెండింతలకు పైనే. ఇప్పుడు పాత స్విచ్చుల పని రిలేలకు ఆజ్ఞ ఇవ్వడం వరకే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో నేరుగా బల్బుకే వెళ్తుంది.

బిగించిన రోజు రాత్రి మా ఆవిడను ఎక్కించుకుని ఊరికే ఒక చుట్టు తిరిగొచ్చాను. ఆమెకు ఈ రిలేల గొడవ ఏమీ తెలియదు. కొంతదూరం పోయాక, “ఏమండీ, ఈ రోడ్డు పక్కన చెట్లున్నాయా? ఇన్నేళ్లూ చూడనే లేదు” అంది. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు. పసుపుగా, నీరసంగా ఉండే వెలుతురు పోయి పాలలాంటి తెల్లటి వెలుగు రోడ్డు మీద పరుచుకుంది. డిమ్‌లో గుంట కనిపించింది, హైలో మలుపు అవతలి వైపు కనిపించింది.

నేను అనుకోని లాభం ఇంకొకటి, స్విచ్చులు చల్లబడ్డాయి. రిలేను కదిలించే తీగచుట్ట (కాయిల్) తాగేది ఆంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు. ఆ కారుకు అసలు స్విచ్చు దొరకడం ఎంత కష్టమో దాన్ని వెతికినవాళ్లకు తెలుస్తుంది. లైట్ల సంగతి పక్కన పెట్టినా, ఆ స్విచ్చును బతికించుకోవడానికే ఈ పని చేయించుకోవచ్చు అనిపించింది.

మూడో ఏడు వర్షాకాలంలో దెబ్బ తగిలింది. రాత్రి పది దాటింది. జోరువాన, వైపర్లు పూర్తి స్పీడులో తిరుగుతున్నాయి. ఎదురుగా లారీ వస్తుంటే డిప్ కొట్టాను. డిమ్ వచ్చింది, రెండు క్షణాలు రెపరెపలాడింది, రెండు లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి. మళ్లీ డిప్పర్ నొక్కాను, హై కూడా రాలేదు. టిక్, టిక్ మని రిలే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. కళ్ల ముందు నల్లటి గోడ నిలబెట్టినట్టయింది. లారీ వెళ్లిపోయాక వెనక మిగిలిన చీకటిని ఇప్పటికీ మర్చిపోలేను. పార్కింగ్ లైట్లు వేరే వైరింగ్ కాబట్టి అవి వెలుగుతున్నాయి. ఇండికేటర్ వేసి, నడక వేగంతో పక్కకు తీసి ఆపాను. చేతులు వణుకుతున్నాయి.

బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ కాలిన వాసన. కిట్‌తో వచ్చిన ఫ్యూజు హోల్డర్ ఒక పక్క కరిగి, లోపల రేకు వదులై నల్లబడింది. ఫ్యూజు మాత్రం పోలేదు, నిక్షేపంగా ఉంది! రెండు రిలేలకూ బ్యాటరీ నుంచి వచ్చేది ఆ ఒక్క వైరే, ఆ ఒక్క హోల్డరే. వదులైన కాంటాక్టులో ఒక ఓమ్‌లో పదో వంతు అడ్డు ఉన్నా, 10 ఆంపియర్లకు 10 వాట్ల వేడి పుడుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

ఆ రాత్రి నన్ను ఇంటికి చేర్చింది, మూడేళ్లుగా నేను తిట్టిపోసిన పాత వైరింగే. కిట్ పెట్టినప్పుడు ఒక్క వైరు కూడా కోయలేదు. పాత ప్లగ్గుల్లో ఒకటి రిలేలకు సిగ్నల్ ఇస్తోంది, రెండోది టేపు చుట్టి పక్కన కట్టేసి ఉంది. మా ఆవిడ ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ఫోన్ టార్చి పట్టుకుంటే, రెండు ప్లగ్గులూ తీసి నేరుగా బల్బులకే తగిలించాను. స్విచ్చు లాగితే అదే పాత పసుపు వెలుగు. ఆ రోజు దాన్ని చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లగా, జాగ్రత్తగా, ఆ గుడ్డి వెలుగులోనే ఇల్లు చేరాం.

తర్వాత డిమ్‌కు ఒకటి, హైకి ఒకటి వేర్వేరు వైర్లు బ్యాటరీ నుంచి లాగించాను. దేని ఫ్యూజు దానికే, మూత ఉన్న గట్టి హోల్డర్లలో. ఇప్పుడు ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. రిలేలను కాళ్లు కిందికి ఉండేలా తిప్పి బిగించాను, నీళ్లు పడినా లోపల నిలవవు. ఈ రెండు మార్పులూ కిట్ అమ్మేవాళ్లే చేసి ఇవ్వాల్సింది. ఆ విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు. లైట్లంటే సరదా వస్తువు కాదు కదా.

ఇంకో మాట ఒప్పుకోవాలి. మొదట్లో ‘వెలుగు మొత్తం రిలేల పుణ్యమే’ అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. నిజానికి అదే వారంలో కుడివైపు లైటు మొత్తం మార్చాను, లోపలి అద్దం (రిఫ్లెక్టర్) మసకబారిపోయి ఉంటే. గోడకు ఎదురుగా పెట్టి ఫోకస్ కూడా సరిచేయించాను. వోల్టేజీ లెక్క నిజమే కానీ, కంటికి కనిపించిన తేడాలో ఆ రెండింటి వాటా కూడా ఉంది. మసకబారిన రిఫ్లెక్టర్ వెనక ఎన్ని వోల్టులు పెట్టినా దండగే. పైగా బల్బులు ఇప్పుడు తొందరగా పోతున్నాయి. వోల్టేజీ పెరిగితే ఫిలమెంట్ ఆయుష్షు వెలుగు పెరిగిన దానికంటే చాలా వేగంగా పడిపోతుంది. ఆరేళ్లలో నాలుగు మార్చాను, డాష్‌బోర్డు అరలో ఒక జత ఎప్పుడూ ఉంచుకుంటాను.

మధ్యలో ఎల్‌ఈడీ బల్బులు కూడా వారం రోజులు పెట్టి చూశాను. బండి ముందు పట్టపగల్లా ఉంది. కానీ ఆ రిఫ్లెక్టర్ తయారైంది ఫిలమెంట్ ఉండే చోటును బట్టి. వెలుగు ఎక్కడెక్కడికో చెదిరిపోయి, డిమ్‌లో ఉన్నా ఎదుటివాళ్లు లైట్లు కొట్టడం మొదలుపెట్టారు. నా సుఖం కోసం ఇంకొకరి కళ్లు బైర్లు కమ్మించడం నాకు నచ్చలేదు, తీసేశాను.

నేను రాత్రిపూట బండి తీసేది నెలకు మూడు నాలుగుసార్లే, మా కారుకు ఇంజిన్ నెమ్మదిగా తిరిగినా బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఉంది. కాబట్టి నాకు ఇది చాలు. ఇంకా చార్జింగ్‌కు పాతకాలం డైనమో మీదే నడిచే కార్లకు ఇదే మాట గట్టిగా చెప్పలేను. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంటే డైనమో సరిగా చార్జ్ చేయదు, అప్పుడు రిలే అయినా బ్యాటరీలో ఉన్నదే కదా పంపాలి. ముందు మీటర్ పెట్టి బ్యాటరీ దగ్గరా బల్బు దగ్గరా చూడండి. తేడా అర వోల్టే అయితే ఈ ఖర్చు మీకు అక్కర్లేదు, రిఫ్లెక్టర్లు చూసుకోండి. మాలాగా 2, 3 వోల్టులు పోతుంటే మాత్రం పెట్టించుకోండి, ఫ్యూజు హోల్డర్ మాత్రం మంచిది విడిగా కొనుక్కుని. పాత ప్లగ్గులు కోయనివ్వకండి.

పోయిన వారం మళ్లీ కొలిచాను. బల్బు దగ్గర 12.7 వచ్చింది, మొదటి రోజు కంటే 0.4 తక్కువ. ఎడమవైపు ఎర్త్ లగ్గు (వైరు చివర బోల్టుకు బిగించే రేకు) మీద నాకు అనుమానం. ఈ ఆదివారం విప్పి, గీకి, మళ్లీ బిగించాలి.