ఫిలిప్పీన్స్ నగరాల్లో భోజనం: స్టార్ హోటలా, ఊరి వంటకొట్టా – ఏది మేలు?

భారతీయులు 14 రోజుల వరకు వీసా లేకుండా వచ్చి వెళ్లే వీలును ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2025 జూన్‌లో కల్పించింది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీ నుంచి మనీలాకు ఎయిర్ ఇండియా నేరుగా విమానం కూడా మొదలుపెట్టింది. దాంతో థాయిలాండ్, వియత్నాంల సరసన ఆ దేశం పేరు కూడా మనవాళ్ల ప్రయాణపు లెక్కల్లో వినబడుతోంది. వెళ్లబోయేవారు ముందుగా అడిగే ప్రశ్నల్లో భోజనానిది ఒకటి: బస చేసిన స్టార్ హోటల్లోనే తినాలా, ఊళ్లోకి వెళ్లి తినాలా? చాలామంది దీన్ని డబ్బు లెక్కతోనో, కడుపు చెడుతుందేమోనన్న భయంతోనో తేల్చేస్తారు. నా దృష్టిలో ఆ రెండూ సరైన కొలతలు కావు. తినబోయే వంటకం పొయ్యి మీది నుంచి దిగాక కొంతసేపు ఆగగలదా, ఆగలేదా అన్నది చూసుకుంటే సగం ప్రశ్న దానంతటదే తేలిపోతుంది.

ఫిలిప్పీన్స్ వంటల్లో ఆగే వంటలు చాలా ఉన్నాయి. వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, బిర్యానీ ఆకు, మిరియాలతో మాంసాన్ని సన్నసెగ మీద మగ్గబెట్టే అడోబో చేసిన పూట కంటే మర్నాడు రుచిగా ఉంటుందని అక్కడివారే చెబుతారు. వేరుశనగ గుజ్జులో ఎద్దుతోక మాంసం ఉడికించే కరే-కరే, చేమాకుల్ని కొబ్బరిపాలలో మిరపకాయలతో ఇగరబెట్టే లాయింగ్ కూడా అలాంటివే. ఇవి బఫే బల్ల మీద మూతపెట్టిన పళ్లెంలో గంటసేపు ఉన్నా వాటికి వచ్చిన లోటు లేదు. బొగ్గుల మీద కాల్చినవి, కరకరలాడాల్సినవి, మరిగే పులుసు పోసి అప్పటికప్పుడు అందించేవి మాత్రం బఫే దాకా వచ్చేసరికి సగం ప్రాణం పోగొట్టుకుంటాయి.

మనీలా విషయంలో నేను స్టార్ హోటల్ వైపు కాస్త మొగ్గుతాను. రాజధాని గనుక అన్ని దీవుల వంటలూ అక్కడికి చేరతాయి. ఒకే పూట వాటన్నిటినీ తలా కాస్త రుచి చూడాలంటే పెద్ద హోటల్ బఫే కంటే అనువైన చోటు లేదు. పైగా అక్కడి పాత హోటళ్లకు చరిత్ర ఉంది. 1912లో తెరిచిన మనీలా హోటల్ పై అంతస్తులో అమెరికా సేనాని జనరల్ మెకార్థర్ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కొన్నేళ్లు నివసించాడు. 1945 నాటి మనీలా యుద్ధంలో ఆ భవనం తీవ్రంగా దెబ్బతిని, తర్వాత మళ్లీ నిలబడింది. ఆ ఎత్తైన పైకప్పు కింద, తెల్లటి స్తంభాల మధ్య నుంచి నడిచి భోజనానికి వెళ్లడం, తినబోయేది ఏమైనా సరే, గుర్తుండిపోయే అనుభవమే.

మనీలాను ఆనుకుని ఉన్న మకాటిలోని పెనిన్సులా హోటల్ 1976 నాటిది. దాని లాబీలో హాలో-హాలో తినడం మనీలావాసులకు తరాలుగా అలవాటు. హాలో-హాలో నిజానికి ఆగే వంటకం కాదు. సన్నగా తురిమిన మంచు, పాలు, తీపి పాకంలో నానిన చిక్కుడు గింజలు, ఊదారంగు పెండలం ముద్ద, కోడిగుడ్డు కస్టర్డ్ ముక్క అన్నీ పొడవాటి గ్లాసులో పేర్చి ఇస్తారు. చెంచాతో అడుగు నుంచి పైకి కలుపుకుని, మంచు నీరైపోకముందే తినాలి. హోటల్ దీన్ని బఫేలో పెట్టకుండా, అడిగినవారికి అడిగినప్పుడు చేసి ఇస్తుంది కాబట్టే ఇది నెగ్గుకొస్తోంది. కాబట్టి నా అభ్యంతరమంతా వండి వరుసగా పేర్చే పద్ధతి మీదే, హోటల్ మీద కాదు.

హోటల్ భోజనానికి మరో బలహీనత ఉంది. అది ఎప్పుడు మాయమవుతుందో చెప్పలేం. మనీలా అఖాతం ఒడ్డున సోఫిటెల్‌లో స్పైరల్ అనే బఫే ఉండేది. 21 వంటల విభాగాలతో దేశమంతటా పేరు మోసిన ఆ బఫే, 2024 జూలైలో హోటల్ మూతపడటంతో పోయింది. దక్షిణాన దావో నగరంలోని మార్కో పోలో 2020లో మూతపడింది. మకాటి షాంగ్రీ-లా 2021లో మూతపడి, 2023లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. మనీలాలోని చైనా పేట బినోండోలో మాత్రం 1888 నాటిదిగా చెప్పుకునే తోహో పాన్సితేరియా ఇంకా నూడుల్స్ వేయిస్తూనే ఉంది. 1594లో ఏర్పడిన ఆ పేటను ప్రపంచంలోకెల్లా పాత చైనా టౌన్ అంటారు. మనీలాలో ఉన్నన్నాళ్లూ హోటల్ గోడల మధ్యే గడిపేవారు కనీసం ఒక మధ్యాహ్నం బినోండో సందుల్లో నడిచి, పల్చటి అట్టులో కూరగాయలు, వేరుశనగ పొడి చుట్టి ఇచ్చే తాజా లుంపియా తిని రావడం మంచిది.

మధ్యేమార్గం కావాలనుకునేవారికి రోక్సాస్ బులెవార్డ్‌లోని అరిస్టోక్రాట్ ఉంది. 1936 నుంచి నడుస్తున్న ఈ రెస్టారెంట్‌లో కాల్చిన చికెన్, పసుపుపచ్చని జావా రైస్ ప్రసిద్ధం. ఏసీ గది, శుభ్రమైన బల్లలు, అందుబాటు ధర అన్నీ ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లినవారికి ఇదే నా మొదటి సిఫారసు. ఇక 2025 అక్టోబరులో రెస్టారెంట్లకు స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ ఫిలిప్పీన్స్‌లో తొలిసారి వాటిని ప్రకటించినప్పుడు హెల్మ్ అనే రెస్టారెంట్‌కు రెండు, మరో 8 రెస్టారెంట్లకు ఒక్కొక్కటి చొప్పున దక్కాయి. వాటికి నెలల ముందు బుకింగ్ చేసుకునే ఓపిక ఉన్నవారి సంగతి వేరు. సాధారణ ప్రయాణికుడు వాటి కోసం యాత్రను తలకిందులు చేసుకోనక్కర్లేదు.

మనీలా దాటి, దేశం నడుమనున్న విసయాస్ దీవుల్లోకి అడుగుపెడితే నా తీర్పు పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ఒక్కో ఊరికి ఒక్కో వంటకం ఉంటుంది. ఆ వంటకం ఆ ఊరి పొయ్యి దగ్గరే బతుకుతుంది.

బకోలోద్‌లోని చికెన్ ఇనసాల్ దీనికి తిరుగులేని ఉదాహరణ. కోడి ముక్కల్ని నిమ్మగడ్డి, వెల్లుల్లి, వెనిగర్, కలమన్సి అనే చిన్న నిమ్మపండ్ల రసంలో నానబెట్టి, వెదురు పుల్లలకు గుచ్చి బొగ్గుల మీద కాలుస్తారు. కాలుతున్నంతసేపూ జాఫ్రా గింజలు వేసి కాచిన ఎర్రటి నూనెను బ్రష్‌తో పూస్తూనే ఉంటారు. ఆ నూనె చుక్కలు నిప్పుల మీద పడి లేచే పొగే సగం రుచి. రొమ్ము, తొడ, కాలేయం, తోక అని భాగాన్ని బట్టి పుల్లలు ఎంచుకోవాలి. బల్ల మీద సోయా సాస్, కలమన్సి, పండుమిర్చి, మసాలా వెనిగర్ ఉంటాయి. ఎవరి చట్నీ వారే చిన్న గిన్నెలో కలుపుకోవాలి. సీసాలోని కోడినూనెను వేడి అన్నం మీద పోసుకుని కలిపి తింటారు. చేతులు కడుక్కోవడానికి గోడవార కుళాయి ఉంటుంది, చేత్తో తిన్నా ఎవరూ వింతగా చూడరు. ఈ మాట తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పరదేశంలో చేత్తో తినడానికి మొహమాటపడేది మనమే. ఇదే ఇనసాల్‌ను నేను హోటల్ బఫేలో కూడా తిన్నాను. రంగు అదే, మసాలా కూడా దాదాపు అదే. కానీ తోలు చెమ్మగిల్లి, పొగ వాసన ఎగిరిపోయి, అది మరో వంటకంలా తోచింది. ఆ హోటల్ వంటవాళ్ల పనితనాన్ని తప్పుపట్టలేం. మూత కింద నిలవ ఉన్న ఆవిరి చేసిన పని అది.

ఇలోయిలోకు 2023లో యునెస్కో పాకశాస్త్ర నగరం అనే గుర్తింపు లభించింది. ఫిలిప్పీన్స్‌లో ఆ గౌరవం పొందిన తొలి నగరం అదే. అక్కడి లా పాజ్ మార్కెట్‌లో బాచోయ్ అనే నూడుల్స్ పులుసు తయారీ చూడటమే ఒక ముచ్చట. నూడుల్స్‌ను జల్లెడ గరిటెలో మరిగే నీళ్లలో ముంచి తీసి గిన్నెలో వేస్తారు. పైన పంది మాంసం, కాలేయం ముక్కలు, వేయించిన వెల్లుల్లి, ఉల్లికాడలు, పొడిచేసిన పంది తోలు వడియాలు వేసి, ఎముకలు గంటల తరబడి కాచిన పులుసు పోస్తారు. ఆ వడియాల పొడి మెత్తబడకముందే మొదటి చెంచా నోట్లో పడాలి. పులుసు అయిపోతే మళ్లీ పోయించుకోవచ్చు. పంది మాంసం తిననివారికి ఇక్కడ పెద్దగా దొరికేదేమీ లేదని ఒప్పుకోక తప్పదు. ఆ ఊళ్లో పేరున్న మరో వంటకం కందికాయ గింజలు, పచ్చి పనసకాయ కలిపి వండే పులుసు. అది వినగానే మన నోరూరుతుంది కానీ అందులోనూ పంది మాంసం పడుతుంది.

సెబూలో పోటీ కాస్త గట్టిది. పక్కనే ఉన్న మక్తాన్ దీవి తీరంలోని రిసార్టుల్లో సముద్రం పక్కన బల్లలు, కాగడాల వెలుగు, సంగీతం ఉంటాయి. కొత్త దంపతులకు ఆ వాతావరణమే ముఖ్యం కావచ్చు, దాన్ని తక్కువ చేయను. అయితే సెబూ పేరు చెప్పగానే గుర్తొచ్చే లెచోన్ సంగతి వేరు. పొట్టలో నిమ్మగడ్డి, వెల్లుల్లి, ఉల్లికాడలు కూరి, బొంగుకు గుచ్చి తిప్పుతూ కాల్చిన పందిని మొద్దు మీద కత్తితో టకటకా నరికి, కిలోల లెక్కన తూచి అమ్ముతారు. మనీలాలో దీనికి కాలేయం సాస్ తోడు కావాలి. సెబూవాసులు మాత్రం మాంసంలోనే ఉప్పూ మసాలా సరిపోయి ఉన్నప్పుడు సాస్ ఎందుకంటారు. అద్దంలా పగిలే ఆ తోలు ఆగేది కాదు కాబట్టి, ఉదయం పొద్దెక్కాక తొలి కాల్పు దిగే వేళకు వెళ్లినవారికే దాని అసలు రుచి దక్కుతుంది. సాయంత్రమైతే ఫుయెంతె ఒస్మేన్యా కూడలి దగ్గర, కాల్చిన వంటకాలమ్మే లార్సియాన్ కొట్లలో పుల్లలు ఎంచుకుని కాల్పించుకోవచ్చు. దాంతోపాటు కొబ్బరాకుల బుట్టల్లో ఉడికించిన పుసో అన్నం గుత్తులుగా వేలాడుతూ ఉంటుంది. బుట్టను కత్తితో రెండుగా చీల్చి ఇస్తారు. చేతులకు ప్లాస్టిక్ తొడుగులు కూడా ఇస్తారు, మనకు వాటి అవసరం అంతగా ఉండదు.

అన్ని ఊళ్లలోనూ వీధికొకటి కనిపించే కరిందెరియా అనే వంటకొట్టు సంగతి వీటికి భిన్నం. గాజు అర వెనక గిన్నెల్లో కూరలు ఉంటాయి, వేలుపెట్టి చూపిస్తే వడ్డిస్తారు. అన్నానికి కప్పు లెక్కన విడిగా తీసుకుంటారు, పులుసు ఒక గరిటె ఊరికే పోస్తారు. ఇవన్నీ ఆగే వంటలే. అందుచేత రుచిలో బఫేకు దీటుగా ఉంటాయి, ధరలో మాత్రం పోలికే లేదు. పెద్ద హోటల్ బఫే మనిషికి 3,000 పెసోలకు అటూ ఇటూగా పడితే, ఇక్కడ 150 పెసోలకు కడుపు నిండుతుంది. పెసో అంటే సుమారు రూపాయిన్నర. ఒక్క షరతు: ఇక్కడ ఉదయం 11 గంటల ప్రాంతంలో తినాలి. మధ్యాహ్నం 3 దాటితే గిన్నెలు చల్లారి, మంచి కూరలు అయిపోతాయి. కడుపు గురించి భయం ఉన్నవారు పొగలు కక్కే సినిగాంగ్‌తో సరిపెట్టుకోవచ్చు. చింతపండు పులుపుతో చేసే ఆ చారుకు మన నాలుక వెంటనే అలవాటు పడుతుంది.

హోటల్ ధర చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మెనూలో అంకె పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటే, సర్వీస్ చార్జీ, పన్ను అదనమని అర్థం. అమ్మకం మీద వ్యాట్ 12 శాతం, సర్వీస్ చార్జీ సాధారణంగా 10 శాతం. ఆ చార్జీ మొత్తం యాజమాన్యానికి కాక సిబ్బందికే చెందాలని 2019లో చట్టం చేశారు కాబట్టి పైన మళ్లీ టిప్ ఇవ్వలేదని మనసు పీకనక్కర్లేదు.

శాకాహారుల విషయంలో మాత్రం వాదనకు తావు లేదు, స్టార్ హోటలే మేలు. ఫిలిప్పీన్స్‌వారికి తెలిసిన కూరగాయలన్నీ మనకూ తెలిసినవే. మునగాకు, కాకర, తూటికూర, వంకాయ, పెసలు అక్కడ రోజూ వండుతారు. కానీ పినక్బెత్ అనే కలగూరలో రొయ్యల ముద్ద, తూటికూర వేపుడులో ఆయిస్టర్ సాస్, శుక్రవారాల్లో చేసే పెసల కూరలో ఎండుచేపో మాంసం తునకలో ఉంటాయి. “వెజిటేరియన్” అని ఊరుకుంటే మాంసం ముక్కలు తీసేసి అదే పులుసు పోసే ప్రమాదం ఉంది. కాబట్టి ఇంగ్లీషులోనే అయినా మాంసం, చేప, రొయ్య, పాతిస్ (చేపల సాస్), బగోఓంగ్ (పులియబెట్టిన రొయ్యల లేదా చేపల ముద్ద), ఆయిస్టర్ సాస్ అని ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దని చెప్పాలి. హోటల్ వంటగదిలో ఈ మాట ఓపికగా వింటారు, విడిగా వండి ఇస్తారు. మధ్యాహ్నపు రద్దీలో ఉన్న కొట్టు యజమానురాలి నుంచి అది ఆశించడం న్యాయం కాదు.

దావోలో ఈ చిక్కుకు మరో పరిష్కారం కూడా ఉంది. అక్కడ వైద్యవిద్య చదివే తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉండటంతో పప్పు, చారు, పెరుగన్నం పెట్టే భారతీయ మెస్సులు వెలిశాయి. మాంసాహారులు మాత్రం ఆ మెస్సుల్లో కూర్చుని బొగ్గుల మీద కాల్చిన ట్యూనా దవడను వదులుకోవద్దు. ఇక ఆ నగరపు ప్రత్యేకతైన డ్యూరియన్ పండు విషయంలో ఎంపికే లేదు. వాసన కారణంగా హోటళ్లు దాన్ని గుమ్మంలోకి రానివ్వవు, విమానం క్యాబిన్‌లోకీ అనుమతి దొరకదు. మగ్సాయ్‌సాయ్ పార్కు దగ్గరి దుకాణాల్లో పండును చేతికెత్తి ఊపి, ముచ్చిక వాసన చూసి, పొడవాటి కత్తితో తొనల వెంబడి చీల్చి ఇస్తారు. బల్ల దగ్గరే నిలబడి తినేయాలి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ధర తక్కువగానూ, పండు మాగినదిగానూ ఉంటుంది.