స్క్రీన్ చిరిగినట్టు కనిపిస్తే: వీ-సింకా, ఫ్రీసింక్ మానిటరా?

గేమ్‌లో కెమెరా గిర్రున తిప్పితే బొమ్మ అడ్డంగా తెగుతోందా? మానిటర్ ఒక ఫ్రేమ్ గీస్తుండగానే గ్రాఫిక్స్ కార్డు ఇంకోటి తోస్తోందన్నమాట. దీనికి రెండు మందులు: కార్డును మానిటర్ వేగానికి కట్టేసే వీ-సింక్ సెట్టింగ్, మానిటర్‌నే కార్డు వేగానికి తగ్గట్టు నడిపే ఫ్రీసింక్.

ఖర్చు: వీ-సింక్‌కు పైసా అక్కర్లేదు. ఫ్రీసింక్ కావాలంటే అది ఉన్న మానిటరే ఉండాలి.

శ్రమ: వీ-సింక్ సెట్టింగ్స్‌లో ఒక్క క్లిక్. ఫ్రీసింక్‌ను మానిటర్ మెనూలోనూ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లోనూ ఆన్ చేయాలి. ఫ్రీసింక్ ఏఎండీ కంపెనీది; పోటీ కంపెనీ ఎన్విడియా కార్డులున్నవాళ్లకు ఈ వెసులుబాటు 2019లో వచ్చింది. వాళ్లకు జీటీఎక్స్ 10 సిరీస్ లేదా ఆ తర్వాతి కార్డు ఉండాలి, డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ అయితే మంచిది. చాలామంది హెచ్‌డీఎంఐ పెట్టి "పనిచేయట్లేదు" అంటారు!

ఇబ్బంది: అసలు తేడా ఇక్కడే. వీ-సింక్‌తో మౌస్ కాస్త బరువెక్కినట్టుంటుంది, అంటే కదలిక తెరపై కొంచెం ఆలస్యంగా కనిపిస్తుంది. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే) మానిటర్‌పై కార్డు సెకనుకు 60 ఫ్రేములు అందుకోలేకపోతే కొన్ని గేములు ఒక్కసారిగా 30కి పడిపోతాయి. ఫ్రీసింక్‌లో మానిటరే కార్డు వేగాన్ని అనుసరిస్తుంది, కానీ దాని హెర్ట్జ్ పరిధి లోపలే.

హన్మకొండ హాస్టల్లో పాత పీసీతో కథ గేములు ఆడేవాళ్లకు వీ-సింక్ చాలు. షూటింగ్ గేముల్లో పోటీపడేవాళ్లు, ఎలాగూ మానిటర్ మార్చేవాళ్లు ఫ్రీసింక్ తీసుకోండి. షాపులో మాత్రం ఆ హెర్ట్జ్ పరిధి ఎంతో అడగండి.