తిన్యనెల్లో 2015: వగరు దిగడానికి ఆరేళ్లు

ఫ్లోరెన్సులో ఉద్యోగానికి కుదిరిన కొత్తలో, 2018లో, అంతినోరి కుటుంబం వారి తిన్యనెల్లో అనే ఎర్ర వైన్, 2015 పంటది, ఆరు సీసాలు ఉన్న పెట్టె కొన్నాను. ఇప్పుడు అందులో ఒక్కటే మిగిలింది. 1385 నుంచి వైన్ వ్యాపారంలో ఉన్న ఆ వంశం గొప్పతనాన్ని ఇక్కడ వల్లించబోవడం లేదు. నాకు పట్టింపు దాని వగరుతోనే.

మొదటి సీసా కొన్న వారంలోనే తెరిచి గంటలో ముగించాము. పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నాలుకా చిగుళ్లూ బిగుసుకుపోయాయి. ఇందులో సుమారు 80 శాతం సాంజొవేసె ద్రాక్ష, మిగతాది రెండు రకాల కబెర్నె. కియాంతి (ఈ ప్రాంతపు పేరున్న ఎర్ర వైన్) అనిపించుకోవాలంటే తెల్లద్రాక్ష కలపాలన్న నాటి నిబంధనను కాదని, 1971 పంట నుంచి ఆ పేరునే వదులుకుని, 1975 నాటికి తెల్లద్రాక్షను పూర్తిగా మానేసిన వైన్ ఇది కనుక, ఆ వగరును పలచబరిచేది ఏదీ లేదు.

2020 చలికాలంలో రెండో సీసా తెరిచి, చెరో గ్లాసు తాగి, బిరడా బిగించి వంటింటి కిటికీ గట్టున పెట్టి మరిచిపోయాను. మర్నాడు రాత్రి మిగిలింది పారబోయడానికి మనసొప్పక గ్లాసులో పోసుకుంటే, వేరే సీసా తెరిచానేమోనని చీటీ చూసుకోవలసి వచ్చింది. వగరు వెనక్కి తగ్గి, పులుపు ముందుకు వచ్చి, ఎండిన చెర్రీ, కాఫీపొడి వాసనలు ఒకదాని తర్వాత ఒకటి తేలాయి. అప్పటినుంచి, రేపు తాగాలనుకున్న సీసాను ఇవాళే తెరవండని కనిపించిన వారందరికీ చెబుతూ వచ్చాను.

మూడోది నా అజాగ్రత్తకు బలైంది. ఆగస్టు సెలవులకు ఊరెళుతూ ఫ్రిజ్ మీద వదిలేశాను. తిరిగి వచ్చేసరికి బిరడా పైకి తన్నుకొచ్చి ఉంది, లోపలిది ఉడికించిన కిస్‌మిస్ వాసన కొడుతోంది. నాలుగోది గోంగూర మాంసంతో తాగాక, ఈ రెండూ బాగా కుదురుతాయని లోగడ నేనన్న మాటను సవరించుకోవలసి వచ్చింది: పుల్లదనం కుదిరిన మాట నిజమే గాని, మన కారం ఆ వగరును రెట్టింపు చేసి గొంతులో మంట పుట్టిస్తుంది. ఇక్కడివారు నిప్పుల మీద కాల్చే ఫియొరెంతీనా మాంసపు ముక్కతోనే అది మెత్తబడుతుంది.

2024లో తెరిచిన ఐదో సీసాలో నేరేడు పండింది. వగరు ఉందంటే ఉంది, అంతే. అయితే మర్నాటికి ఉంచిన సగం నీరసపడిపోయింది కనుక, నా కిటికీ గట్టు చిట్కా లేత సీసాలకే పనికివస్తుందని ఒప్పుకుంటున్నాను.

మళ్లీ పెట్టె కొంటానా అంటే, ఎండాకాలం కుంపటిలా మారే మూడో అంతస్తు అద్దె ఇంట్లో ఉన్నంతకాలం కొనను. చల్లని నేలమాళిగ, ఆరేళ్ల ఓపిక ఉన్నవారి లెక్క వేరు. ఆరో సీసా గ్రేవె అనే ఊళ్లో ఒక మిత్రుడి నేలమాళిగలో ఉంది, అద్దె కింద అందులో సగం తనదేనని అతను ముందే చెప్పాడు.