నెల్లూరు ఆటోనగర్‌లో ఆయిల్ మార్పించాక వదిలిపోయిన పది నిమిషాల అలవాటు

నెల్లూరు ఆటోనగర్‌లో లారీ బాడీ పనుల మోత దాటి లోపలికి వెళితే, రేకుల కప్పు కింద ఇద్దరు పిల్లలతో ఒక పెద్దాయన నడిపే చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. చుట్టుపక్కల వారందరికీ అది భాయ్ షెడ్డే. గత డిసెంబరులో నా 1,200 సీసీ పెట్రోల్ కారుకు అక్కడ ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు మార్పించాను.

అక్కడికి వెళ్లడానికి కారణం నా పాత అలవాటే. మా నాన్నగారికి అంబాసిడర్ ఉండేది. చలికాలంలో చోక్ లాగి, ఇంజిన్ ఆగిపోకుండా యాక్సిలరేటర్ మీద కాలు ఆడిస్తూ, పది నిమిషాలు వేడెక్కించిన తరువాత గాని ఆయన గేరు వేసేవారు కాదు. అది చూసి పెరిగిన నేను మాగుంట లేఅవుట్‌లోని మా అపార్ట్‌మెంటు కింద రోజూ ఆరున్నరకు కారు స్టార్ట్ చేసి, అది ఆడుతుండగానే పక్కన నిలబడి అద్దాలు తుడిచి, పేపరు చూసి, ఆ తరువాత బయలుదేరేవాడిని. పొగ ఇంట్లోకి వస్తోందని మొదటి అంతస్తు వారు రెండుసార్లు చెప్పినా, ఇంజిన్ బాగు కోసమే కదా అని సర్దిచెప్పుకున్నాను. వేరొక చోట సర్వీసు చేయించిన దగ్గర నుండి స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగంలో వాల్వులను కదిలించే టప్పెట్ల టకటక వినిపించడం, మైలేజీ పదహారు నుండి పదమూడుకు పడిపోవడం మొదలైంది. దానికి నేను కనిపెట్టిన వైద్యం ఏమిటంటే, ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ వేడెక్కించడం.

భాయ్ బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, తాను వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టారు. ఆయిల్‌లో పెట్రోలు వాసన స్పష్టంగా తెలిసింది. "పొద్దున్నే ఊరికే ఆడిస్తుండారా సార్?" అని అడిగారు. నేను కాస్త గర్వంగానే అవునన్నాను. ఆయన నవ్వలేదు, అదొక ఊరట.

గాలిలో పెట్రోలు కలిపి పంపే కార్బురేటర్ ఉన్న రోజుల్లో చల్లని ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కనుక, పెట్రోలు పాలు పెంచే చోక్ అవసరమయ్యేది. 2000లో మారుతి 800కి సైతం ఎంపీఎఫ్ఐ, అంటే పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే పద్ధతి, వచ్చేసింది. ఎంత పెట్రోలు చిమ్మాలో సెన్సర్లను బట్టి కంప్యూటరే చూసుకుంటుంది. అయితే ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు అది కాస్త ఎక్కువే చిమ్ముతుంది, బరువు లాగకుండా నిలబడి ఆడే ఇంజిన్ త్వరగా వేడెక్కదు, కాలకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి, రింగుల సందుల్లోంచి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. నా ముక్కుకు తగిలిన వాసన అదే.

తరువాత ఆయన పాత బిల్లు అడిగారు. అందులో ఆయిల్ గ్రేడు 20డబ్ల్యూ-50 అని ఉంది. కారుతో వచ్చిన పుస్తకంలో 5డబ్ల్యూ-30 అని ఉంది. డబ్ల్యూ అంటే వింటర్ అని, దాని ముందరి అంకె ఎంత తక్కువైతే చల్లని ఇంజిన్‌లో ఆయిల్ అంత త్వరగా పైకి చేరుతుందని, వెనుక అంకె వేడి మీద ఉండే చిక్కదనాన్ని చెబుతుందని నాకు అప్పుడే తెలిసింది. మన నెల్లూరు ఎండలకు చిక్కటి ఆయిలే మేలని చాలామంది అంటారు, నేనూ నమ్మాను. కానీ బయట 30 డిగ్రీలున్నా 44 డిగ్రీలున్నా, బండి బాగుంటే, నడుస్తున్న ఇంజిన్‌లోని కూలెంట్‌ను థర్మోస్టాట్, ఫ్యాను కలిసి సుమారు 90 డిగ్రీల దగ్గరే నిలుపుతాయి. ఎండ పేరు చెప్పి పుస్తకంలో లేని ఆయిల్ పోయవలసిన పని లేదు.

ఆయన చెప్పిన పద్ధతి ఇది: స్టార్ట్ చేశాక ఆయిల్ దీపం ఆరిపోవాలి, సీటు బెల్టు పెట్టుకునేలోగా అర నిమిషం గడుస్తుంది, ఇక కదలాలి, మీటరులో ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని చెప్పే నీలం దీపం ఆరేదాకా 2,500 ఆర్‌పీఎం దాటించకూడదు. నమ్మకం కుదరక వాచీ పెట్టుకుని చూశాను. ఒకరోజు నిలబెట్టి ఆడిస్తే నీలం దీపం ఆరడానికి ఏడు నిమిషాలు పట్టింది. మరునాడు మెల్లగా నడుపుతూ వెళితే మినీ బైపాస్ ఎక్కేలోపే, మూడో నిమిషంలో ఆరిపోయింది. టప్పెట్ల చప్పుడు పోయింది. మూడు నెలలకు మైలేజీ పదిహేనున్నర దగ్గర నిలిచింది.

మా బావగారి డీజిల్ కారు గురించి అడిగితే, స్టార్ట్‌కు ముందు సిలిండర్‌ను వేడిచేసే గ్లో ప్లగ్ దీపం ఆరాక స్టార్ట్ చేయాలని, హైవేలో వేగంగా వచ్చిన వెంటనే తాళం తిప్పేయకుండా టర్బో చల్లబడేందుకు ఒక నిమిషం ఆడనివ్వాలని చెప్పారు. షట్టరు దించిన గ్యారేజీలో మాత్రం ఏ బండినీ ఆడించవద్దని గట్టిగా హెచ్చరించారు. అందులో పేరుకునే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఆయిల్, ఫిల్టరు, కూలి కలిపి 2,250 రూపాయలైంది. ఆయిల్ డబ్బా సీలు నా ఎదుటే తీశారు. లోపలి మడ్డి కడిగే ఇంజిన్ ఫ్లష్ కూడా చేయించమంటారా అని నేనే అడిగితే, దండగ అన్నారు. లోపాలు లేకపోలేదు. కూర్చోవడానికి ఒక పాత టైరు తప్ప ఏమీ లేదు, అడిగితే గాని బిల్లు రాయరు, గంట అన్న పని రెండున్నర గంటలకు తెమిలింది, సీటు మీద పిల్లవాడి ఆయిల్ చేతి ముద్ర ఇప్పటికీ ఉంది. వెళ్లేవారు శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వెళ్లవద్దు. నమాజు ముగించుకుని ఆయన వచ్చేసరికి మూడవుతుంది.