సైకిలు మీద సముద్రం చుట్టూ: నెదర్లాండ్స్‌లో మా అయిదు రోజులు

ఇక్కడికొచ్చి నాలుగేళ్లయింది, సైకిలంటే ఆఫీసుకి, కూరగాయలకి తప్ప వాడింది లేదు. పోయిన జూన్‌లో ఇండియా టికెట్లు కుదరక ఆ సెలవులు ఏం చేయాలా అని చూస్తుంటే మా టీమ్‌లో ఒకావిడ "ఎల్‌ఎఫ్ రూట్లలో ఒకటి తొక్కండి, దారి మీరు వెతుక్కోనక్కర్లేదు, బోర్డులే తీసుకెళ్తాయి" అంది. ఎల్‌ఎఫ్ అంటే దేశం మొత్తం తిరిగే లాంగ్ డిస్టెన్స్ సైకిల్ రూట్లు. ఒకటి సముద్రతీరం వెంట, ఒకటి మాస్ నది వెంట, ఇలా ఉన్నాయి. మేం తీసుకుంది జౌడర్‌జే రూటు, జౌడర్‌జే అంటే ఇప్పుడు సరస్సుగా మారిన ఒకప్పటి సముద్రం, మొత్తం చుట్టు దాదాపు 440 కిలోమీటర్లు, అందులో మేం తొక్కింది సగం పైచిలుకు. పాత పుస్తకాలు కొనకండి, వాటిలో ఇదే రూటు ఎల్‌ఎఫ్ 21, 22, 23 అని మూడు ముక్కలుగా ఉంటుంది, ఇప్పుడు నంబర్లు పోయి పేరు మిగిలింది.

ముందు బోర్డుల గురించి చెప్తా, ఎందుకంటే మొదటి రోజు మా ఆయనకీ నాకూ గొడవైంది వాటి మీదే. తెల్ల బోర్డు మీద ఆకుపచ్చ అక్షరాలతో రూటు పేరుంటుంది, అది మన దారి. ఇది కాక నంబర్ల నెట్‌వర్క్ ఇంకోటి ఉంది, క్నోప్‌పుంట్ అంటారు. ప్రతి కూడలికీ ఒక నంబరు, 34 దగ్గర నుంచుంటే 35కి ఇటు, 61కి అటు అని బాణాలుంటాయి. బెల్జియంలో హ్యూగో బోలెన్ అనే మైనింగ్ ఇంజినీరు పెట్టిన పద్ధతట ఇది, గనుల్లో కూడళ్లకి నంబర్లుండేవి కదా, అదే పైకి తెచ్చాడు. పొద్దున్నే ఆ రోజు నంబర్లన్నీ వరసగా టేపు మీద రాసి హ్యాండిల్‌కి అంటిస్తే ఫోను తియ్యక్కర్లేదు. వానొస్తే మాత్రం ఇంకు కారిపోయి 47 కాస్తా 41 అయిపోద్ది, పెన్సిల్ వాడండి. మూడో రకం ఊళ్ల పేర్లుండే మామూలు సైకిల్ బోర్డులు, ఎర్ర అక్షరాలు దగ్గర దారి, ఆకుపచ్చ అక్షరాలు అందమైన దారి. మా ఆయన ఎర్రవి చూస్తాడు, నేను పచ్చవి చూస్తాను, గొడవ అక్కడ.

పుట్టగొడుగులు కూడా చెప్పాలి. పొలాల మధ్య, అడవుల్లో దారి చూపే మోకాలెత్తు దిమ్మలుంటాయి, అచ్చం పుట్టగొడుగు ఆకారమే, వాళ్లూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఏఎన్‌డబ్ల్యూబీ అని 1883లో సైకిళ్ల వాళ్ల సంఘంగా మొదలైన సంస్థ వందేళ్ల కిందటి నుంచి పాతుతోంది. సైకిలు దిగి, వంగి, నాచు చేత్తో తుడిచి చదువుకోవాలి. నాకు తెగ నచ్చేశాయి. మా ఆయనకి నడుం నొప్పి, నచ్చలేదు.

సైకిళ్లు అద్దెకి తీసుకున్నాం, పేరు చెప్పను, సెంటర్లోనే ఉన్న ఒక షాపు. సంచి తగిలించే కొక్కెం తీసుకున్నప్పుడే వదులుగా ఉంది, అడిగితే "ఏం పర్లేదు" అన్నాడు, తిరిగి ఇచ్చేటప్పుడు విరిగిందని డిపాజిట్‌లో కోసేశాడు. తీసుకునే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి.

ఆమ్‌స్టర్‌డామ్ స్టేషన్ వెనక నుంచి ఫ్రీ ఫెర్రీలో అవతలికి దాటి కట్టెక్కితే ఇక హోర్న్ దాకా కుడిపక్క నీళ్లే. ఫోలెండామ్‌లో టూరిస్టుల బస్సులు, సెల్ఫీలు, పది నిమిషాలు చాలు. తొక్కుతున్నంత సేపూ నాకు మా కరకట్టే గుర్తొచ్చింది. బందరు పిల్లని కదా, ఒక పక్క నీళ్లు, ఒక పక్క కిందకి పొలాలు, మధ్యలో మనం. కాకపోతే ఇక్కడ గేదెల బదులు గొర్రెలు, దారి పొడుగునా వాటి పెంటికలు, చక్రాలకి అంటుకుని సాయంత్రానికి సంచుల నిండా వాసన. గొర్రెలు దాటకుండా గేట్లు కూడా ఉంటాయి, దిగడం, తియ్యడం, వెయ్యడం, ఎక్కడం. ఇరవై దాకా లెక్కపెట్టి మానేశా.

హోర్న్ రేవు దగ్గర కూర్చుంటే వింతగా అనిపించింది. డచ్ ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలుంటే ఒకటి ఈ ఊళ్లో, ఇంకొకటి మర్నాడు వెళ్లిన ఎంక్‌హౌజెన్‌లో. ఆ కంపెనీ వాళ్లే 17వ శతాబ్దం మొదట్లో బందరొచ్చి బట్టలు కొన్నది, మా ఊళ్లో వలందపాలెం అన్న పేరు వాళ్ల వల్లే. చిన్నప్పుడు ఆ పేటలో ట్యూషన్‌కి వెళ్లేదాన్ని, వలందలు ఎవరో ఎప్పుడూ అడగలేదు.

ఎంక్‌హౌజెన్ నుంచి స్టావొరెన్‌కి పడవ. కార్లు ఎక్కించరు, మనుషులు, సైకిళ్లే, సీజన్‌లోనే తిరుగుతుంది, కాబట్టి టైమింగ్స్ చూసుకుని వెళ్లండి. పడవ వద్దంటే ఉత్తరంగా వెళ్లి 32 కిలోమీటర్ల అడ్డకట్ట దాటాలి, ఎదురుగాలిలో అది నా వల్ల కాదు. 1916లో ఇక్కడ ఉప్పెనొచ్చాకే ఆ కట్ట పనికి చట్టం చేశారు, 1932లో పూర్తయింది, అప్పటి నుంచి ఉప్పు సముద్రం కాస్తా మంచినీళ్ల సరస్సు. 77 ఉప్పెన కథలు వింటూ పెరిగిన వాళ్లకి ఆ కట్ట ఎందుకో ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

స్టావొరెన్ రేవులో ఒక ఆడమనిషి విగ్రహముంది. బాగా డబ్బున్న వ్యాపారస్తురాలట, లోకంలో అన్నిటికన్నా విలువైంది తెమ్మని ఓడ పంపిస్తే కెప్టెన్ గోధుమలు తెచ్చాడు, ఆవిడ కోపంతో సముద్రంలో పారబోయించింది, వేలి ఉంగరం తీసి నీళ్లలోకి విసిరి "ఇది తిరిగొస్తే నేను బీదదాన్నవుతా" అంది. తర్వాత ఒక చేప కడుపులోంచి ఉంగరం వచ్చింది. శకుంతల చేపే ఇక్కడికీ వచ్చినట్టుంది. మా నాయనమ్మకి వీడియో కాల్‌లో చెప్తే "అన్నం పారబోస్తే అంతేగా మరి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

బస సంగతి. రెండు రాత్రులు హోటల్, రెండు రాత్రులు వ్రీండెన్ ఓప్ డ ఫీట్స్ ఇళ్లలో. ఇది సైకిళ్ల మీద, నడిచి తిరిగే వాళ్లకోసం ఉన్న ఏర్పాటు, ఏడాదికి కొంచెం కట్టి మెంబరైతే మామూలు జనాల ఇళ్లలో గది, పొద్దున టిఫిను, దేశమంతా మనిషికి ఒకటే రేటు. మాకు హోటల్‌కైన దాంట్లో సగం కూడా కాలేదు. స్టావొరెన్ దగ్గర మాకు గదిచ్చిన పెద్దావిడ తడిసిన మా బూట్లలో పాత పేపర్లు కుక్కి హీటర్ పక్కన పెట్టింది, అడక్కుండానే. అదే ఒక హోటల్లో సైకిళ్లు బయట వానలో పెట్టమన్నారు, లోపల షెడ్డుంది కదా అంటే అది స్టాఫ్‌కి అన్నారు. రాత్రి తిండికి మాత్రం ఈ ఇళ్ల మీద ఆధారపడకండి, చిన్న ఊళ్ల హోటళ్లలో వంటిళ్లు తొందరగా మూసేస్తారు, బ్లోక్‌జైల్లో మమ్మల్ని కాపాడింది నేను తెచ్చిన కందిపొడి, సూపర్‌మార్కెట్ మైక్రోవేవ్ అన్నం.

నాకు బాగా నచ్చిన ముక్క స్టావొరెన్ నుంచి బ్లోక్‌జైల్. ముందు "క్లిఫ్" అని బోర్డులొస్తాయి, చూస్తే మా ఊరి చెరువుగట్టుకి అన్నయ్యంత, అంతే, కానీ ఈ బల్లపరుపు దేశంలో అదే కొండ. లెమ్మెర్‌లో 1920 నాటి ఆవిరి పంపుహౌస్ ఉంది, యునెస్కో వాళ్ల లిస్టులో ఉంది, నీళ్లు బాగా ఎక్కువైతే ఇప్పటికీ నడుపుతారు. అది దాటాక దారి పాత సముద్రతీరం వెంటే పోతుంది. ఎడమపక్క పాత ఊళ్లు, కుడిపక్క కట్ట కింద బంగాళాదుంప చేలు, అదంతా 1942 దాకా నీళ్లకింద ఉన్న నేల. బ్లోక్‌జైల్‌కి రేవుంది, పడవలున్నాయి, సముద్రం లేదు.

ఆఖరి రోజు కాంపెన్ నుంచి హార్డర్‌వైక్, నలభై కిలోమీటర్లే కదా అనుకున్నాం. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, మొదటి రెండు రోజులు వెనకనుంచి తోసింది అదే, నా గొప్ప అనుకున్నా. ఆ రోజు ముఖానికి కొట్టింది. గేరు దించి తొక్కినా నడిచే వాళ్లు పలకరించేంత స్పీడు. మా ఆయన ఎల్‌బుర్గ్‌లో బెంచీ మీద పడుకుని లేవనన్నాడు, వేడి వేడి చేపముక్కలు తినిపించి లేపాను.

అలా లేటై హార్డర్‌వైక్ స్టేషన్‌కొచ్చేసరికి నాలుగూ పది. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం నాలుగుకీ ఆరున్నరకీ మధ్య సైకిళ్లు రైల్లోకి రానివ్వరు, జులై, ఆగస్టుల్లో పర్లేదు, మాది జూన్. సైకిళ్లకి టికెట్లు కొనుక్కుని ప్లాట్‌ఫాం మీద రెండుగంటలపైన కూర్చున్నాం, మా ఆయన హ్యాండిల్ మీది టేపులు గోరుతో గీకి పీకుతూ. ఆరున్నర దాటాక రైలొచ్చింది, సైకిల్ బొమ్మున్న డోరు మా ముందు కాదు, అటు చివర్న ఆగింది, మళ్లీ పరుగు.