కేదార్‌కంఠ మంచులో నా బూట్లు, అద్దె స్పైక్స్ ఎలా పనిచేశాయంటే

జనవరిలో నేనూ మా పిన్ని కొడుకూ కేదార్‌కంఠ వెళ్ళొచ్చాం. ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లాలో ఉంటుంది, శిఖరం ఎత్తు దాదాపు 12,500 అడుగులు. వైజాగ్ వాళ్ళకి చలి అంటే లంబసింగి, అది కూడా తెల్లవారుజామున పొగమంచు చూసి, వేడివేడి టీ తాగి, ఎండెక్కేసరికి వచ్చేయడమే. అందుకే మంచు మీద నడవడానికి ఏం కొనాలో చెప్పేవాళ్ళు ఇక్కడ మాకు దొరకలేదు. వెళ్ళబోయేవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు బూట్లు. సిటీలోనే ఒక పెద్ద షాపులో కొన్నాను, చీలమండ పైదాకా వచ్చే వాటర్‌ప్రూఫ్‌వి, నాలుగున్నర వేలు. నీళ్ళు దిగకపోవడంలో వంక పెట్టడానికి లేదు, నాలుగు రోజులూ సాక్సు పొడిగానే ఉన్నాయి. అరిగి మెత్తబడాలని మూడు వారాలు పొద్దున్నే సింహాచలం మెట్లెక్కి దిగాను, బొబ్బ ఒక్కటీ రాలేదు. తేడా వచ్చింది సైజు దగ్గర. షాపులో మామూలు సాక్సుతోనే వేసి చూపించారు, అక్కడ మందపాటి ఉన్ని సాక్సు తొడిగేసరికి వేళ్ళు కదలడానికి చోటు లేదు. బూటు బిగుతైతే రక్తం సరిగా ఆడదు, ఎంత మంచి సాక్సైనా కాళ్ళు కొయ్యబారిపోతాయి. మంచులోకి అని చెప్పి మరీ కొన్నప్పుడు ఈ ఒక్కమాట షాపువాళ్ళు చెప్పి ఉండాల్సింది. మీరు మాత్రం ఉన్ని సాక్సు వెంట పట్టుకెళ్ళండి, సాయంత్రం పూట వెళ్ళండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి అసలు సైజు తెలుస్తుంది.

ఇక అసలు సంగతి మైక్రోస్పైక్స్. బూటు కిందకి తొడిగే రబ్బరు పట్టీ, దానికి గొలుసులు, గొలుసులకి స్టీలు పళ్ళు, అంతే. ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీలో నాలుగు రోజులకి 400 అద్దె ఇచ్చాం. తాజా మంచులో వీటి అవసరం పెద్దగా తెలియదు, మొదటి రోజు దారిలోని జుడా కా తాలాబ్ అనే చెరువు దాకా బ్యాగులోనే ఉన్నాయి. శిఖరానికి రాత్రి మూడింటికి బయల్దేరినప్పుడు తెలిసింది. పగలు ఎండకి పైపైన కరిగిన మంచు రాత్రి మళ్ళీ గడ్డకట్టి గాజుపలకలా అయిపోతుంది, అందరి అడుగులూ పడిన దారి ఇంకా నున్నగా ఉంటుంది. ఆ చలికి రబ్బరు బిరుసెక్కి సాగనంటుంది, గ్లవ్స్ తీస్తే వేళ్ళు పనిచేయవు. హెడ్‌ల్యాంప్ వెలుగులో తమ్ముడు నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని మడమ దగ్గర లాగి తొడిగాడు. తర్వాత కరకరమని ఒక్కో అడుగూ పట్టుకుంటుంటే టెన్షన్ మొత్తం దిగిపోయింది. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచిన ధైర్యంతో వెళ్ళాను గానీ, అక్కడ కావలసింది ఓపిక ఒక్కటే కాదు, కాలికింద పట్టు.

దిగేటప్పుడు సంగతి వేరు. ఎండకి మంచు మెత్తబడి పళ్ళ మధ్య ఉండలు కడుతుంది, అప్పుడు స్పైక్స్ ఉన్నా లేనట్టే. "అన్నయ్యా, మడమ మీద బరువెయ్యకు, పాదం మొత్తం ఆనించు" అని తమ్ముడు వెనకనుంచి చెబుతూనే ఉన్నాడు. పది అడుగులకోసారి కర్రతో బూటుని తట్టి ఉండలు రాల్చుకున్నాం. నిటారు మంచుగోడలకి ఇవి చాలవు, దానికి ఇంకా పొడవాటి పళ్ళుండే క్రాంపాన్లు వేరే ఉంటాయి. కేదార్‌కంఠ మామూలు దారికి ఇవి సరిపోయాయి.

నాకు మొదట ఇచ్చిన జతలో మడమ దగ్గర రబ్బరు చిట్లి ఉంది. అడిగితే మార్చారు గానీ, అడక్కపోతే అదే తొడుక్కుని పైకి వెళ్ళేవాణ్ణి. తీసుకునేముందు అక్కడే మీ బూటుకి తొడిగి చూడండి, పట్టీని రెండు చేతులా సాగదీయండి, ఒక్కో గొలుసు కొక్కెం వేలితో లాగి చూడండి. చీకటి పడ్డాక అద్దెకి తీసుకోవద్దు, పగటి వెలుతురులోనే అలాంటి చీలిక కనబడుతుంది.