మార్పు చేపలకి టార్పాలిన్ ట్యాంక్: పిల్లలకి సరే, పెద్దవాటికి వద్దు

మాది ఆకివీడు దగ్గర. పోయిన ఆగస్టులో 4 మీటర్ల వెడల్పున్న గుండ్రటి టార్పాలిన్ ట్యాంకు, చుట్టూ ఇనప మెష్, నడుమ డ్రెయిన్ పైపు, అన్నీ కలిపి 28 వేలు పెట్టి కొన్నాను. ఒకే విడత సీడ్‌లో వెయ్యి మార్పు చేప (మాగుర్ అనే మీసాల చేప) పిల్లలు ట్యాంకులో వేశాను, కొన్ని మా బావమరిది కొత్తగా కట్టించిన సిమెంటు తొట్టిలో, మిగతావి నా 30 సెంట్ల మట్టి చెరువులో. దేశవాళీ మార్పులేనండి, థాయ్ మాగుర్ పేరుతో తిరిగే ఆఫ్రికన్ రకం కాదు, దాన్ని ఎప్పుడో కేంద్రం నిషేధించింది, ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు.

ముందు మంచి చెప్పాలి. మొదటి మూడు నెలలు ట్యాంకుని మించింది లేదు. పిల్లలు కళ్ల ముందుంటాయి, మేత తిన్నాయో లేదో తెలుస్తుంది, పాములు కొంగల గొడవ లేదు, ఎదిగినవాటిని ఏరి వేరే పెట్టొచ్చు (లేకపోతే పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి). అక్టోబరులో తూకం వేస్తే చెరువు చేప కంటే ట్యాంకు చేపే బరువు తూగింది. సంతోషం పట్టలేక ఫొటోలు తీసి ట్యాంకు అమ్మినాయనకి కూడా పంపాను.

ఇక అసలు సంగతి. అమ్మేటప్పుడు ఆయన చెప్పిన మాట, 'మార్పు గాలి పీల్చే చేపండీ, ఏరియేటర్ (నీళ్లలోకి గాలి కొట్టే పంపు) దండగ'. ఇది సగం నిజం. పైకొచ్చి గాలి మింగుతుంది కాబట్టి ఊపిరాడక చావదు, అంతవరకే. నీళ్లలో పెరిగే అమ్మోనియా మొప్పల్ని, చర్మాన్ని కాల్చడం మానదు కదా. చెరువులో అడుగు మట్టిలో ఉండే బాక్టీరియా ఆ అమ్మోనియా సంగతి చూసుకుంటుంది, టార్పాలిన్ మీద మట్టేది? పైగా వాళ్ల ఫిట్టింగ్ మనిషి అడుగు చదునుగా వేసిపోయాడు. నడిమికి వాలు ఉంటేనే రెట్ట, మిగిలిన మేత డ్రెయిన్ దగ్గరికి చేరతాయి. నాకు అంచుల్లోనే పేరుకుపోయేది, రోజూ చీపురుతో తోసేవాణ్ణి.

డిసెంబరులో దెబ్బ తగిలింది. తెల్లవారుజామున థర్మామీటర్ పెడితే చెరువు నీళ్లు 24 డిగ్రీలు, ట్యాంకు 21. నీళ్లు తక్కువ, నాలుగు వైపులా గాలి, చల్లబడక ఏం చేస్తుంది? చేపలు మేత మానేశాయి, నేను గమనించకుండా వారం రోజులు పాత లెక్కలోనే వేశాను, అది కుళ్లింది, నీళ్లు పరీక్షించే కిట్ పెట్టి చూస్తే అమ్మోనియా రంగు ముదురుగా వచ్చింది. మీసాలు అరిగిపోవడం, పొట్ట కింద ఎర్రటి పుండ్లు, రోజుకి ఐదారు తేలడం. మేత ఆపి, రోజూ కొంత నీళ్లు మార్చి, రాళ్ల ఉప్పు వేసి, పైన షీటు కప్పాక నిలబడ్డాయి, కానీ ఆ తర్వాత ఎదుగుదల సరిగ్గా అందుకోలేదు. రోగం వచ్చిన చేపని చెరువులోకి మార్చేద్దామని తమ్ముడు గొడవ చేశాడు, వినలేదు, బతికిపోయాను.

సిమెంటు తొట్టి కథ ఇంకా చిన్నది. కట్టిన వారానికే పిల్లల్ని వేశాడు మా వాడు, సున్నం ఊరి నీళ్ల పీహెచ్ (క్షారం ఎంతుందో చెప్పే లెక్క) 9 దాటింది. రెండు మూడు వారాలు నీళ్లు నింపి పారబోస్తూ అరటి బోదె ముక్కలు నానబెట్టాల్సింది. దానికి తోడు గోడ గరుకు, పొలుసు లేని చేప కదా, గదవ దగ్గర గీరుకుపోయి పుండ్లు పడ్డాయి. ఈ ఒక్క విషయంలో టార్పాలినే నయం.

మార్చిలో పట్టాం. ట్యాంకులో సగటు 90 గ్రాములు, చెరువులో 120. చెరువు చేపల్లో చిన్నా పెద్దా తేడా బాగా ఉంది, కానీ నిగనిగలాడుతున్నాయి, మీసాలు నిండుగా ఉన్నాయి. పట్టడం మాత్రం నరకం, బురదలో దూరి, గట్టు బొరియల్లో దాక్కుని, నీళ్లన్నీ తోడి చేత్తో ఏరాల్సి వచ్చింది, ముళ్లు గుచ్చుకుని ఇద్దరికి చేతులు వాచాయి. ట్యాంకు ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

వస్తువుకి 5లో 3 ఇస్తాను, ఫిట్టింగుకి 1. బట్ట గట్టిదే, ఎక్కడా కారలేదు. కొనేవాళ్లు అడుగు వాలుగా వేయించుకోండి, మెష్ కొనలు గుచ్చుకోకుండా మధ్యలో ఫోమ్ షీటు పెట్టమనండి, ఎయిర్ పంపుకి ఇన్వర్టర్ లెక్క కూడా ధరలో కలుపుకోండి. నేనైతే ఈసారి నవంబరు దాకా ట్యాంకులో పెంచి, చలి రాకముందే చెరువులోకి వదులుతాను.

అమ్మినాయన మొన్న ఫోన్ చేసి ఆ అక్టోబరు ఫొటో ప్రకటనలో వేసుకోవచ్చా అన్నారు. డిసెంబరు ఫొటో కూడా పక్కన పెడితే వేసుకోండి అన్నాను.